రాయి లెక్క

తూత్తుకుడి రేవు డచ్చివారి యధీనమున నున్న కాలమునాటి ముత్యపువేట లెక్కలను చదువువారికి మొట్టమొదట వింతగొల్పు విషయము, ఆ లెక్కలలో మనుష్యులకు బదులు రాళ్ళు కనబడుటయే. మధుర నాయకునకు తొంబదికి మించిన రాళ్ళు మాన్యము, రామనాథపురపు సేతుపతికి మఱికొన్ని, పరవకులపు పెద్దకు కొన్ని, తక్కిన రాళ్ళన్నిటికిని పన్ను చెల్లింపవలసినదే, అని అరరాయి సైతము విడువక వ్రాసిన ఆ పత్రములలో, ఏ రాతితో ఎవడు సముద్రమున దిగెనో, దిగినవాడు మరల పైకి వచ్చెనో లేదో, వాని యూరేదో, పేరేదో వెదకి చూచినను దొరకదు. ఒక్కొక్క రాయి వెనుక వంతులవారీగా మునుగువారిద్దఱు, వారి త్రాళ్ళు లాగువారిద్దఱు ఉండెడివారు. రెండువేల యేండ్లపాటు రోము చక్రవర్తులు మొదలుకొని విజయనగర రాయల వఱకు ఎందఱి కంఠములనో అలంకరించిన మన్నారు సింధుశాఖ ముత్యముల చరిత్ర, నిజమునకు, ఈ నలువురి చరిత్రయే యని నా నమ్మకము. దొరల చరిత్ర అందులో ఒక యుపాఖ్యానము మాత్రమే.

రాయి యనగా, అడుగు వెడల్పుగాను కొన సన్నముగాను చెక్కి, కొనయందు తొలిచిన బెజ్జమున త్రాడు దూర్చిన పదునైదు ఇరువది కిలోల శిల. మునుగువాడు పడవ ప్రక్కనే నీటిలో త్రాడు పట్టుకొని నిలిచి, రాతిమీది త్రాటి ఉచ్చులో ఒక పాదముంచి, చిప్పలు నింపుటకైన వలబుట్టను చేర్చుకొని, ఱొమ్మునిండ గాలి పీల్చి, వ్రేళ్ళతో ముక్కు గట్టిగ మూసికొని, త్రాడు వదలుమని సైగ చేయును. అంతట రాయి వానిని అయిదు మొదలు పది బారల లోతునకు కొన్ని క్షణములలో కొనిపోవును. పాదము నేల తాకినంతనే ఉచ్చునుండి తీసి రాతిని విడుచును, పైనున్నవాడు దానిని వెంటనే లాగికొనును. ఇక మునుగువానికి మిగిలిన దంతయు ఒక్క యూపిరియే. ఆ యూపిరి నిలిచినంతసేపు నేలపై బోరగిల ప్రాకుచు, రెండు చేతుల చిప్పలను పెఱికి బుట్టలో వేయుచు, ఇక తాళలేననుకొన్నప్పుడు త్రాటిని ఒక్క కుదుపు కుదుపును. పైవాడు ఆ కుదుపునకై చేతిలోని త్రాటిమీదనే మనస్సంతయు నిలిపి యుండవలెను; ఏలయన, వాని యేమఱుపాటు క్రిందివాని ప్రాణముతో సమానము.

గడియారము చేతబట్టుకొని చూచిన యధికారులు ఏబది మొదలు ఎనుబది సెకండ్లు నీటియడుగున నిలుచుట సామాన్యమని వ్రాసిరి. అయిదాఱు నిమిషములు నిలిచినారను కథలు యాత్రికుల గ్రంథములలో కొల్లలుగా నున్నవి గాని అవి నమ్మదగినవి కావు. పది బారల లోతున నీటిబరువు శరీరమునంతటిని నొక్కివేయగా, ఒడ్డున పీల్చిన గాలి రొమ్ములో ఇంచుమించు మూడవ వంతునకు కుంచించుకొని పోవును. కర్ణపుటములు చిట్లునట్లు నొప్పిపుట్టును. 1803లో సింహళ వృత్తాంతమును ప్రకటించిన రాబర్టు పెర్సివల్ అను ఆంగ్ల సైనికోద్యోగి, పైకి వచ్చినవారి ముక్కునుండియు చెవులనుండియు నోటినుండియు నీటితో గూడ రక్తము వెడలుట తఱచని చెప్పియు, అయినను వారు దినమునకు నలువది ఏబది మాఱులు మునుగుచుండిరని దాని వెంటనే చెప్పినాడు. ఈ రెండు వాక్యములను ప్రక్కప్రక్కన పెట్టి చదివినపుడు నా మనస్సు చాలసేపు ముందునకు సాగలేదు.

ఈ వేట యెంత పురాతనమైనదో చెప్పుటకు సాక్ష్యములకు కొదువ లేదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున మౌక్తికములను పది తెఱగులుగా విభజించుచు తామ్రపర్ణికమును, పాండ్యకవాటకమును మొట్టమొదట పేర్కొనెను. పాండ్యరాజ్యమునకు తన పేరిచ్చిన పుత్రికకై హెరాక్లీసు సముద్రములోని ముత్యములన్నిటిని సేకరించెనని గ్రీకులొక కథ చెప్పుకొనిరి. క్రీస్తుశకము మొదటి శతాబ్దమునాటి పెరిప్లసు అను నావికగ్రంథము, పాండ్యుల యేలుబడిలోని కొల్కోయ్ రేవున ముత్యములు దొరకునని చెప్పి, మఱొక్క మాట చేర్చినది: అచ్చట మునుగువారు శిక్ష పడిన నేరస్థులట. కొల్కోయ్ యనగా తామ్రపర్ణీనది ముఖమున వెలసిన కొర్కై పట్టణము. నది తెచ్చిన యొండ్రుమట్టిచే సముద్రము కోసులకొలది వెనుకకు జరుగగా, ఒకనాటి మహానగరము నేడు పొలముల నడుమ చిన్న పల్లెయై యున్నది. ద్రావిడభాషల వ్యాకరణముచే మనకు సుపరిచితుడైన కాల్డువెల్ పండితుడు గత శతాబ్దికి ముందటి శతాబ్దమున అచ్చట త్రవ్వించి, ప్రాచీన పట్టణపు గుర్తులను వెలికితీసెను. అదే పెరిప్లసు కాలమున ప్లినీ యను రోము పండితుడు, హిందూదేశము, చీనా, అరేబియాలు కలిసి యేటేట తమ సామ్రాజ్యమునుండి పది కోట్ల సెస్టర్షియములను లాగుకొనుచున్నవని, తమ భోగములకును స్త్రీలకును అంత వెల యగుచున్నదని వాపోయెను. ఆ వెలలో ఒక పాలు కొర్కైలో నేరస్థుల చెవులనుండి కారిన రక్తపు వెలయని ఆతడెఱుగడు.

ముత్యమెట్లు పుట్టునను ప్రశ్నకు మన పూర్వులు స్వాతివానను చూపిరి. కాలిన యినుముపై పడి నామరూపములు లేక పోవు నీటిచుక్కయే తామరాకుపై ముత్యమువలె మెఱయుచు, స్వాతికార్తెలో చిప్పలో పడినపుడు ముత్యమే యగునను భర్తృహరి భావమును ఏనుగు లక్ష్మణకవి తెనుగు పద్యమున కంఠస్థము చేయని తెలుగు బాలుడు మొన్నమొన్నటి వఱకు లేడు. వింత యేమనగా ప్లినీయు ఇంచుమించు ఇట్లే, చిప్పలు నోరు తెఱచి మంచుబిందువులను గ్రోలి ముత్యములను కనునని వ్రాసినాడు. ఈ రమ్యమైన ఊహను తీరమున నిలిచి చూచినవాడు కల్పించెను గాని నీట దిగినవాడు కాదు; పది బారల యడుగున, రాతికి నారలతో అంటుకొని బ్రతుకు ప్రాణికి వానచుక్క అందుట యెట్లు? చిప్పలోనికి చొరబడిన పరప్రాణినో, తనలోనే కలిగిన యొక నలుసునో, చిప్పపురుగు తన మెత్తని పొరతో చుట్టి, చిప్ప లోపలి తళుకు పూతనే పొరపైపొరగా దానిమీద పూయుచు పోవుటచే ముత్యమేర్పడునని శాస్త్రజ్ఞులు తేల్చిరి. మన్నారు చిప్పలలో ఆ పరప్రాణి తఱచు ఒక బద్దెపురుగు పిల్లయని హెర్డుమన్, హార్నెల్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు ఇరువదవ శతాబ్దారంభమున ప్రతిపాదించిరి. స్వాతిచుక్క పోయి పురుగు వచ్చినంత మాత్రాన ముత్యమునకు లోపము కలిగినదని నేననుకొనను. తనను బాధించుదానిని తళుకుతో కప్పివేయు ప్రాణి స్వాతిచుక్కకంటె తక్కువ యాశ్చర్యకరము కాదు.

తెలుగునాడునకును ఈ ముత్యములకును గల సంబంధము పాతది. కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవున వర్తకులకు అభయశాసనమిచ్చుచు సుంకముల పట్టికలో గంధము, కర్పూరము, దంతములతోపాటు ముత్యములను చేర్చెను. అదే మోటుపల్లిని కొన్ని దశాబ్దముల తరువాత ప్రస్తుతించిన మార్కోపోలో, పాండ్యతీరపు ముత్యపువేటను వర్ణించుటలో తక్కిన విదేశీయులందఱిని మించినాడు. వర్తకులు కూటములుగా చేరి, కూలికి మునుగువారిని కుదుర్చుకొని, ఏప్రిలు మొదలు మే నెల సగము వఱకు వేట సాగించుచుండిరనియు, రాజునకు పదియవ వంతును, సముద్రములోని క్రూరమత్స్యములు మునుగువారిని ముట్టకుండ మంత్రించు బ్రాహ్మణులకు ఇరువదియవ వంతును ఇచ్చుచుండిరనియు ఆతడు చెప్పెను. ఆ మంత్రము పగటివేళకే పనిచేయునట. సాయంకాలమున మాంత్రికులు దానిని విప్పివేసెదరు, రాత్రివేళ దొంగతనముగా ఎవ్వడును మునుగకుండుటకు. సొరచేపల భయమును రాజ్యము తన కావలివానిగా చేసికొనిన ఈ యేర్పాటు వంటిది మఱి యే వృత్తియందైన కలదేమో నేనెఱుగను.

ఆ మంత్రగాని కొలువు ఆఱువందల యేండ్లు నిలిచినది. తమిళులు వానిని కడల్‌కట్టి, అనగా సముద్రమును కట్టువాడు అనిరి. పందొమ్మిదవ శతాబ్దమున సింహళమున నున్న ఎమర్సన్ టెన్నెంటు, ప్రభుత్వమే జీతమిచ్చి పోషించుచుండిన ఆ కాలపు కడల్‌కట్టి వంశపారంపర్యముగా మంత్రవిద్య సంపాదించినవాడే యైనను మతముచే రోమను కథోలికుడని వ్రాసెను. మతము మాఱినను సముద్రపు భయము మాఱలేదు, ఆ భయము తీర్చువాని కుటుంబమును మాఱలేదు. అధికారులు దీనిని మూఢవిశ్వాసమని యెఱిగియు తీసివేయ సాహసింపలేదు; ఏలయన కడల్‌కట్టి లేనిదే ఒక్కడును నీట దిగడు. సొరచేపవలన చనిపోయినవారు ఆ వేటలలో చాల అరుదని నాటి వ్రాతలన్నియు ఒప్పుకొనుచున్నవి. వందలకొలది పడవల సందడికి, వేలకొలది దేహముల కదలికకు సొరచేపలు దూరముగా తొలగి యుండునని వారు కారణము చెప్పిరి.

మతము మాఱుటను గూర్చి చెప్పక తప్పదు. ఏలయన ఈ తీరపు చరిత్రలో దానికంటె పెద్ద మలుపు లేదు. వేటలో అనాదినుండి ఆరితేఱినవారు పరవరులు. వారికిని, అరబ్బు వర్తకులతో సంబంధము గల మహమ్మదీయ నావికులకును వేటహక్కులకై చిరకాలముగా వైరమున్నది. పదునాఱవ శతాబ్దపు నాలుగవ దశకమున ఒక పరవస్త్రీ చెవి తెగునట్లు ఆమె కమ్మను ఎవడో లాగివేయుటతో వైరము రక్తపాతముగా మాఱినదని చెప్పుదురు. అప్పటికి కొచ్చిలో బలపడియున్న పోర్చుగీసువారి రక్షణము కోరి పరవరుల పెద్దలు వెళ్ళిరి. రక్షణమునకు వెలగా క్రైస్తవమతము స్వీకరించిరి. కొలది సంవత్సరములలో ఇరువదివేలమంది బాప్తిస్మము పొందిరందురు. 1542లో ఫ్రాన్సిస్ జేవియర్ ఆ తీరమునకు వచ్చునాటికి వారు పేరునకు క్రైస్తవులే గాని ప్రార్థన యొక్కటియు నేర్చినవారు కారు.

ఈ సందర్భమున తెలుగువాడు తలవంచి చదువవలసిన పుట యొకటి కలదు. 1544లో జేవియర్ వ్రాసిన జాబులలో బడగలు అనువారి పేరు మాటిమాటికి వచ్చును. బడగలనగా వడుగులు, ఉత్తరమునుండి దండెత్తి వచ్చిన విజయనగర సైనికులు, తమిళుల వాడుకలో వడుగులనగా ప్రధానముగా తెలుగువారు. ఆ గుఱ్ఱపుదండు తీరపు పల్లెలపై విరుచుకొని పడగా, కన్యాకుమారి ప్రాంతపు బెస్తలు స్త్రీలతో పిల్లలతో పడవలెక్కి సముద్రములోని బండలపై తలదాచుకొనిరనియు, ఎండకు ఆకలికి దప్పికకు అచ్చట కొందఱు ప్రాణములు విడిచిరనియు, తాను వారికి ఆహారము చేర్చుటకు పాట్లు పడితిననియు జేవియర్ వ్రాసినాడు. విజయనగరపు అంగళ్ళలో ముత్యములు బాహాటముగా నమ్ముచుండిరను పారశీక యాత్రికుడైన అబ్దుర్ రజాకు మాటను మన పుస్తకములన్నియు గర్వముతో నుదాహరించును. అచ్యుతదేవరాయలు తామ్రపర్ణి వఱకు జైత్రయాత్ర నడపించిన కథను రాజనాథ డిండిముడు సంస్కృతకావ్యముగా రచించెను. ముత్యములు దొరకు తీరమున ఆ జైత్రయాత్రల నీడ యెట్లుండెనో తెలుపునవి బండలపై చిక్కిన ఆ బెస్తలను గూర్చిన జాబులే. భద్రాచలమున సీతారాముల కల్యాణమునాడు ముత్యాల తలంబ్రాలను కన్నులపండువుగా చూచునపుడు, ముత్యాలమ్మకు బోనమెత్తునపుడు, ఆడపడుచుకు ముత్యమని ముద్దుపేరు పెట్టుకొనునపుడు, నాకు ఈ మధ్య ఆ బండలు కూడ జ్ఞప్తికి వచ్చుచున్నవి.

1658లో డచ్చివారు తూత్తుకుడిని, మన్నారును, యాళ్పాణమును పోర్చుగీసువారినుండి గైకొనిరి. మధురను ఏలుచుండినవారు తెలుగు నాయకులు. సముద్రముపై వారికి బలము లేకున్నను తీరము వారిది గనుక వేటలో వారి మాన్యపు రాళ్ళకు లోటు రాలేదు. డచ్చివారు సరకులో వాటాకంటె రాతికింత యను పన్నునే మెచ్చిరి. సముద్రమడుగున ఏమి దొరకినను దొరకకున్నను పన్ను నిశ్చయముగా వచ్చును గదా! 1796లో సింహళతీరము ఆంగ్లేయుల చేజిక్కినది. చాల యేండ్లు వేటలేక చిప్పలు బలిసి యుండుటచే వెనువెంటనే వచ్చిన మూడు వేటలు వారికి కనకవర్షమును కురిపించెను. 1798 నాటి యొక్క వేటనుండియే లక్ష పౌనులకు పైబడి రాబడి వచ్చినది. ఆ మత్తులో గవర్నరు ఫ్రెడరిక్ నార్తు, వేటను వీక్షించుటకై అరిప్పు వద్ద నిర్జనమైన ఇసుకదిబ్బపై గ్రీకు స్తంభముల సౌధమును కట్టించెను. దాని మొండిగోడలను కడలికెరటములు నేటికిని కొఱుకుచున్నవి.

వేటకాలమున సింహళతీరమున మొలచు పట్టణమును గూర్చి చూచినవారందఱును పారవశ్యముతో వ్రాసిరి. ఫిబ్రవరి వఱకు నక్కలు తప్ప వేఱు ప్రాణి లేని మరిచ్చుక్కట్టి ఇసుకపఱ్ఱ మీద, మార్చి వచ్చునప్పటికి తాటాకు పందిళ్ళు వీథులు వీథులుగా తీర్చబడి, అంగళ్ళు, ఆసుపత్రి, న్యాయస్థానము, తపాలాకచేరి, మసీదు, కోవెల, క్రైస్తవాలయము వెలసి, కీళక్కరై తూత్తుకుడి మలబారు తీరములనుండి మునుగువారును, పారశీకపు సింధుశాఖనుండి కొమ్ముతో చేసిన ముక్కుపట్టుకఱ్ఱలతో అరబ్బులును, బొంబాయి మధుర నాట్టుక్కోట్టలనుండి సాహుకారులును, వారివెంట జూదరులును గారడివారును వచ్చిచేరుదురు. నడురేయి దాటగనే తండేళ్ళు నేలగాలి చూచికొని చాపలెత్తుదురు. తెల్లవాఱునప్పటికి పడవలు చిప్పల నెలవు చేరును. సంకేతమైనంతనే మునుకలు మొదలగును. మధ్యాహ్నమున మఱొక సంకేతముతో ఆగును. అప్పటికి తిరిగిన సముద్రపుగాలి పడవలన్నిటిని ఒడ్డునకు నెట్టుకొని వచ్చును. రెండు ఋతుపవనముల నడుమ సముద్రము నిద్రించు ఈ ఆఱేడు వారములే వేటకు అనువు.

ఒడ్డున చిప్పలను మూడు కుప్పలు చేసెదరు. ఒకటి మునుగువారిది, రెండు సర్కారువి. సర్కారు చిప్పలను ఆ సాయంకాలమే వేయింటికింత యని వేలము వేసెదరు. విప్పని చిప్పలో ఏమున్నదో పరమేశ్వరునకే యెఱుక గనుక ఇది వర్తకమో జూదమో చెప్పుట కష్టము. కొన్నవాడు చిప్పలను దడులలో పోసి వారము పదిదినములు కుళ్ళనిచ్చును. ఈగలు ముసురును, పురుగులు మాంసమును తినివేయును, ఆ దుర్గంధము గాలివాలున కోసెడు దూరము పోవును. మిగిలిన మడ్డిని దోనెలలో పలుమాఱులు కడిగి, అడుగున నిలిచిన ఇసుకను గుడ్డపై ఆరబెట్టి, కన్నులు చిట్లించుకొని వెదకుదురు. అట్లు దొరకిన ముత్యములను ఇరువది రంధ్రముల జల్లెడనుండి వేయి రంధ్రముల జల్లెడవఱకు పది యిత్తడి జల్లెడలలో వరుసగా జల్లించి, గుండ్రదనమును కాంతిని బట్టి అణి, అణతారి మొదలైన తరగతులుగా విడదీసి, మన కంసాలులకును పరిచితమైన మంజాడితో తూచి వెల కట్టుదురు. బరువు రెట్టింపైన వెల నాలుగు రెట్లగుట వారి గణితము. 1863లో పారిసు నాటకశాలలో బిజే యను సంగీతకారుడు ముత్యపువేటగాండ్రను గూర్చి గేయనాటకమును ప్రదర్శించెను. అందు సింహళమున్నది, ప్రేమయున్నది, పూజారిణి యున్నది. చిప్పల కంపు మాత్రము లేదు.

ఇక నీటియడుగు సంగతి. చిప్పల నెలవును తమిళులు పార్ అందురు. ఇసుకమయమైన అడుగునేలపై అచ్చటచ్చట తేలిన చదునైన బండలు, పురాతన ప్రవాళశిలలు ఇవి. చిప్పపిల్ల కొన్ని వారములు నీట తేలుచు తిరిగి, చివరకు ఇట్టి గట్టిచోటు దొరకిన నారలు కట్టి అంటుకొనును, దొరకనిచో ఇసుకలో కూరుకొని చచ్చును. ప్రతి పార్‌నకు పేరున్నది. తూత్తుకుడి యెదుటిది తొలయిరం పార్, సింహళము ప్రక్కవి చేవల్ పార్, మోదరగం పార్, పెరియ పార్. మునుగువారు పెట్టిన ఈ పేర్లే సర్కారు పటములకెక్కినవి. ఆ బండలపై చిప్పలొక్కటే యుండునా? కొమ్ములు చాచిన పగడపు పొదలు, విసనకఱ్ఱలవలె ఊగు సముద్రపు వీజనములు, ఎఱ్ఱని పసుపుపచ్చని స్పంజీలు, ఇసుకలో సగము దాగి ప్రాకు శంఖములు, బద్ధకముగా దొరలు సముద్రపు దోసకాయలు, చిలుకముక్కుతో పగడమును కొఱికి ఇసుకగా విసర్జించు చిలుకచేపలు, తీరమునకు చేరువగా సముద్రపుగడ్డి మైదానములలో మేయుచు మందముగా కదలు కడలియావులు, ఇన్ని ప్రాణుల సంసారము నడుమ ముత్యపుచిప్ప యొక చిన్న కాపురము. దాని పగవారును అచ్చటనే యున్నారు. టేకుచేపలు గుంపులు గుంపులుగా వచ్చి తిరుగలివంటి పలుచదునైన పండ్లతో చిప్పలను నలిపి మ్రింగును. నక్షత్రచేపలు కౌగిలించి చిప్ప తెఱచును. తొలుచు స్పంజీలు పెంకును జల్లెడ చేయును. సూరన్ అను గుల్లలు చాపవలె అల్లికొని చిప్పలను ఊపిరాడకుండ కప్పివేయును. వీటన్నిటిని మించినది నైరృతి ఋతుపవనముతో కదలు ఇసుక.

అందుచేత వేట యేటేట దొరకదు. చిప్పకు నాలుగేండ్లు నిండునప్పటికి ముత్యము పక్వమగును; ఆఱేడేండ్లకు అది సహజముగానే చచ్చును. తొందరపడిన పొట్టు, ఆలసించిన శూన్యము. ఏండ్లు పూండ్లు పార్‌లు బోడిగా పడియుండుటయు, హఠాత్తుగా కోట్లకొలది పిల్లలతో నిండుటయు, నిండినవి మరల మాయమగుటయు రాజులకును కంపెనీలకును అంతుపట్టని చిక్కై యుండెను. 1891 తరువాత సింహళమున పదియేండ్లు వేటయే లేకపోగా, కారణము కనుగొనుటకై 1902లో హెర్డుమన్ పండితుని పిలిపించిరి. ఆయన సహాయకుడైన జేమ్సు హార్నెల్ తరువాత మద్రాసు మత్స్యశాఖను చేరి, శంఖమును గూర్చియు మన పడవలను గూర్చియు జీవితాంతము పరిశోధించిన మహనీయుడు. వారు పెరియ పార్‌ను పరీక్షించినపుడు లెక్కకందని లేతచిప్పలు దానిపై పఱచుకొని యుండెను. ఆ యేడు ముగియకమునుపే ఋతుపవనము వానినన్నిటిని తుడిచివేసెను. ఆ పార్ అంతకుముందును అట్లే మాటిమాటికి నిండి మాటిమాటికి ఖాళీయై, వేట నొసగనే లేదు. అయినను మునుగువారు దానిని తల్లిపార్ అనుచుండిరి. పిల్లలు అచ్చట పుట్టి పెరిగి తక్కిన పార్‌లకు వలసపోవునని వారి నమ్మకము. అంటుకొనిన చిప్పలు వలసపోవని శాస్త్రజ్ఞులు త్రోసిపుచ్చిరి గాని, ఎన్నడును ఫలమీయని బండను తల్లియని పిలిచినవారి హృదయమును నేను త్రోసిపుచ్చలేను.

1903లో వేట మరల మొదలై, 1905లో పరాకాష్ఠ నందెను. ఆ యొక్క వేటలో ఎనిమిది కోట్లకు పైగా చిప్పలు పైకి వచ్చినవి. సింహళ ప్రభుత్వమునకు ఇరువదియైదు లక్షల రూపాయల రాబడి కలిగినది. దానిని చూచి లండనులో ఒక కంపెనీ యేర్పడి, 1906లో సంవత్సరమునకు మూడు లక్షల పదివేల రూపాయల చొప్పున ఇరువదియేండ్ల గుత్తకు పార్‌లన్నిటిని తీసికొన్నది. 1907తో చిప్పలు అంతరించినవి. కంపెనీ కొలది యేండ్లలో మూతపడెను. రాతికింతయని పన్ను పెట్టిన డచ్చివారు ఎఱిగిన జాగ్రత్తను, లెక్కలలో వారికంటె ఎన్నో రెట్లు ఘనులమనుకొన్నవారు మఱచిరి. ఇంతలో జపానున మికిమోటో చిప్పలచేతనే ముత్యములను పెంపించు విద్యను వర్తకముగా మలచెను; 1930 ప్రాంతమునకు ఆ ముత్యముల వెల్లువలో సహజముత్యముల ధర పడిపోయినది.

తూత్తుకుడి వైపున మాత్రము కథ అప్పుడే ముగియలేదు. స్వతంత్ర భారతమున 1955 మొదలు 1961 వఱకు, చిప్పలు పూర్వమెన్నడును లేనట్లు వరుసగా నిలువగా, మద్రాసు ప్రభుత్వము ఏటేట వేట సాగించినది. అవే రాళ్ళు, అవే త్రాళ్ళు, ఆ తండేళ్ళ మనుమలు. 1961 వేట కడపటిది. తరువాతి యేండ్లలో లేతచిప్పలు అప్పుడప్పుడు కనబడినను వేటకు తగినట్లు నిలువలేదు. 1973లో కేంద్ర సముద్రమత్స్య పరిశోధన సంస్థకు చెందిన అళగర్‌స్వామి తూత్తుకుడి వద్ద ఆ చిప్పలోనే నలుసు నాటి గుండ్రని ముత్యమును పండించి చూపెను. 1986లో తూత్తుకుడినుండి రామేశ్వరము వఱకుగల ఇరువదియొక్క దీవులను చుట్టుకొని సముద్రోద్యానము నేర్పఱచిరి. వానిలో రెండు దీవులు, సున్నమునకై పగడమును త్రవ్వుకొనిపోయిన పాపమున, ఇప్పటికే నీట మునిగినవి.

1943లో ఫ్రాన్సు దేశమున కుస్తో, గన్యాన్ అను నిద్దఱు, చుట్టునున్న నీటిబరువునకు సమానమైన ఒత్తిడితో నోటికి గాలి నందించు సాధనమును కనిపెట్టిరి. మనము స్కూబా యనునది దాని సంతతియే. నొక్కు పది బారల నీరు దాని వలన రొమ్మును కుదింపజాలదు. మునిగినవాడు ఎనుబది సెకండ్లకు బదులు అరగంట, ముప్పాతికగంట అడుగున నుండి, పగడపు పొదల చుట్టు తిరిగి, టేకుచేప నీడ ఇసుకపై పారుటను తీరికగా చూడగలడు. పార్‌లను పరీక్షించు శాస్త్రజ్ఞులు నేడట్లే దిగుచున్నారు. శంఖములకై మునుగు పరవరులకును మహమ్మదీయులకును అద్దపు ముసుగులు, రబ్బరు రెక్కలు వచ్చినవి. కాని గాలి నిండిన దేహము నీట తేలునే గాని మునుగదు. కావున గాలిసీసా మోయువాడును దిగుటకు ముందు నడుమునకు సీసపు బిళ్ళల పట్టెడ బిగించుకొనవలెను. తనకెన్ని బిళ్ళలు కావలెనో ప్రతివాడును ముందుగా లెక్క చూచుకొని, పడవ అంచున కూర్చుండి, వానిని ఒక్కొక్కటిగా పట్టెడకు గ్రుచ్చుకొనును.